రిపోర్టింగ్ పేపర్లోకి ఫోన్‌ను రానివ్వండి

తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల జర్నలిజం శాఖాధిపతులకు, బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు,

నమస్కారం.

నేను హైదరాబాద్‌లో ఒక వార్తాసంస్థ డిజిటల్ డెస్క్‌లో పనిచేస్తాను. అంతకుముందు చాలాకాలం జిల్లా ఎడిషన్ డెస్క్‌లో పేజీలు పెట్టాను. మీ దగ్గర పట్టా పుచ్చుకుని వచ్చే పిల్లలకు టెస్టు పెట్టడం, ఎంపికైనవాళ్లకు పని నేర్పడం ఏటా నా నెత్తిన పడుతుంది. ఈ ఉత్తరం వాళ్ల మీద ఫిర్యాదు కాదు, మీరు వాళ్లకు పెట్టే పరీక్ష మీద.

విషయం ముందే చెప్పేస్తాను. ఆడియో, వీడియో, ఫొటో, డేటా, ఫోన్లో వచ్చిపడేవాటిని సరిచూడటం, ఇవన్నీ చాలాచోట్ల చివరి సెమిస్టర్‌లో ‘న్యూ మీడియా’ అనే పేపర్‌గానో ఎలక్టివ్‌గానో ఉన్నాయి. వాటిని అక్కడి నుంచి తీసేసి మొదటి సెమిస్టర్ రిపోర్టింగ్ పేపర్లో కలపండి. రాత పరీక్ష బదులు పని చూసి మార్కులు వేయండి. నేను అడిగేది ఇంతే. ఎందుకో చెప్పడానికి మాత్రం కాస్త చోటు కావాలి.

మొన్న యాసంగి వడ్ల కొనుగోళ్లప్పుడు కొత్తగా చేరిన ఒకబ్బాయిని నల్లగొండ వైపు ఒక ఐకేపీ కేంద్రానికి పంపాం. 40 కిలోల బస్తాకు రెండు కిలోలు ఎక్కువ కాటా పెడుతున్నారని అక్కడి నుంచి ఫోన్లు వస్తున్నాయి. అబ్బాయి చురుకైనవాడు, కాపీ శుభ్రంగా రాస్తాడు. సాయంత్రానికి పెద్ద వీడియో ఒకటి పంపాడు. గేటు దగ్గర మొదలైన కెమెరా వడ్ల కుప్పల మీదుగా, టార్పాలిన్ల మీదుగా, మనుషుల తలల మీదుగా ఎక్కడా ఆగకుండా తిరుగుతూనే ఉంది. మధ్యలో ఒక రైతు మాట్లాడాడు. తేమ 17 శాతం లోపే ఉన్నా తరుగు (తూకంలో కోత) ఎందుకు తీశారో, మిల్లు దగ్గర లారీ దించేటప్పుడు మళ్లీ ఎంత కోశారో, అంతా పూసగుచ్చినట్టు చెప్పాడట. ‘అట’ అని ఎందుకంటున్నానంటే మాకు వినపడలేదు. ఆయన వెనకే వడ్లు తూర్పారబట్టే మిషన్ నడుస్తోంది. ఆ హోరులో ‘రెండు కిలోలు’ అన్న ముక్క తప్ప ఏదీ చెవిన పడదు. కాటా డిస్‌ప్లే మీది అంకె ఒక్క ఫ్రేములోనూ లేదు. రైతు చేతిలో తూకం చీటీ కనపడుతోంది గానీ చదవడానికి వీల్లేనంత దూరం.

మర్నాడు మళ్లీ పంపేసరికి అధికారులు వచ్చి వెళ్లిపోయారు. అదే రైతు ఈసారి ‘అంతా మంచిగనే ఉన్నది సారూ’ అన్నాడు. చివరికి అచ్చయింది ఏమిటంటే, ‘తరుగు పేరిట దోపిడీ చేస్తున్నారని రైతులు ఆవేదన వ్యక్తం చేశారు.’ ఈ వాక్యం రాయడానికి నల్లగొండ దాకా వెళ్లక్కర్లేదు, డెస్క్‌లో కూర్చుని కళ్లు మూసుకుని రాయొచ్చు. కింద ‘అలాంటిదేమీ లేదు’ అని అధికారి వివరణ. అది కూడా ఏళ్ల తరబడి మారలేదు.

రైతును మిషన్‌కు దూరంగా తీసుకెళ్లి, ఫోన్ దగ్గరగా పట్టుకుని రికార్డు చేసి, అక్కడే ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఒకసారి విని ఉంటే సరిపోయేది. బస్తా కాటా ఎక్కడం, అంకె నిలబడటం, చీటీ మీద రాయడం, ఈ మూడింటినీ చెయ్యి కదపకుండా పదేసి సెకన్లు తీసి ఉంటే ‘అలాంటిదేమీ లేదు’ అనడానికి అధికారి తటపటాయించేవాడు. ఇది కెమెరామన్ పని కదా అని మీలో ఎవరైనా అనొచ్చు. అక్కడ ఏది సాక్ష్యమో గుర్తుపట్టడం, దాన్ని చెడిపోకుండా డెస్క్‌కు చేర్చడం రిపోర్టర్ పని కాకపోతే ఇంకెవరిదో నాకు తెలియదు.

ఆ అబ్బాయికి మీ పరీక్షల్లో మంచి మార్కులే వచ్చాయి. ‘విలేకరికి ఉండవలసిన లక్షణాలను వివరింపుము’కు వ్యాసం రాశాడు. ‘మల్టీమీడియా అనగానేమి? దాని ప్రాముఖ్యమును తెలుపుము’కు కూడా రాశాడు. ఫోన్ మైకు ఏ వైపు ఉంటుందో మాత్రం మూడేళ్లలో ఎవరూ అడగలేదు.

పరికరాలు లేవనే మాట మీ దగ్గర నుంచి తరచుగా వింటాను. ఒక విశ్వవిద్యాలయంలో అతిథి ఉపన్యాసానికి పిలిస్తే వెళ్లాను. పేరు ఎందుకులెండి. స్టూడియో ఉంది, ఏసీ ఉంది, కవర్లు కప్పిన కెమెరాలున్నాయి. తాళం మాత్రం ఆఫీసు సూపరింటెండెంట్ దగ్గర ఉంటుంది. ఏదైనా పాడైతే ఎవరి జీతంలో కోస్తారోనన్న టెన్షన్‌తో లెక్చరర్లే అటు పోవడం మానేశారు. పైనుంచి బృందాలు వచ్చినప్పుడు తెరుస్తారట. ఆ గదిని అలాగే ఉంచుకోండి, అభ్యంతరం లేదు. పిల్లల చేతుల్లో ఉన్న ఫోన్ చాలు. చొక్కాకు పెట్టుకునే చిన్న మైకు, మామూలు ట్రైపాడ్, రెండూ కలిపినా ఒక పాఠ్యపుస్తకాల సెట్టు ఖరీదుకు మించవు. ఆడియో కత్తిరించడానికి ఆడాసిటీ ఉచితం. వీడియో ఎడిటింగ్‌కు డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ ఉంది. దానికి మంచి కంప్యూటర్ కావాలి, అది లేకపోతే ఫోన్లోనే ఎడిట్ చేసే యాప్‌లున్నాయి.

సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్ గ్రామం మీకు తెలిసే ఉంటుంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల్లోని దళిత మహిళలు 2008 నుంచి అక్కడ సంఘం రేడియో నడిపారు. రేడియో కంటే ముందే వాళ్లలో కొందరు వీడియో కెమెరాలు పట్టారు. బడి మొహం చూడనివాళ్లు కూడా అందులో ఉన్నారు. కెమెరా కోణాలకు వాళ్లు పెట్టుకున్న పేర్లు నాకు భలే ఇష్టం. పైనుంచి కిందికి చూపు పడితే అది పటేల్ షాట్. మనిషికి ఎదురుగా, కళ్లకు సమానంగా కెమెరా ఉంటే సంఘం షాట్. నేలమీద కూర్చున్న ముసలమ్మను నిలబడి పైనుంచి తీసుకొచ్చే ట్రైనీలను చూసినప్పుడల్లా మాచ్‌నూర్‌లో ఓ పది రోజులు ఉండి రమ్మని పంపాలనిపిస్తుంది. ఈ పాఠం మీ మీడియా ఎథిక్స్ పేపర్లో దొరకదు. చేత్తో కెమెరా పట్టుకుని మనిషి ముందు నిలబడినప్పుడే వస్తుంది.

అన్నింటికంటే ముందు శబ్దం నేర్పండి. వీడియో అంటే బొమ్మ అనుకుంటారు పిల్లలు. బొమ్మ కొంచెం ఊగినా జనం చూస్తారు, మాట వినపడకపోతే మరుక్షణం పైకి తోసేస్తారు. పైగా, వినడం నేర్చుకున్నవాళ్ల రాత కూడా బాగుపడుతుంది. ఒక గంట ఇంటర్వ్యూను కూర్చుని అక్షరం పొల్లుపోకుండా రాయించి చూడండి. ‘అన్నారు’, ‘పేర్కొన్నారు’, ‘వాపోయారు’ వాటంతటవే తగ్గిపోతాయి, మనుషులు నిజంగా ఎలా మాట్లాడతారో చెవికెక్కుతుంది కాబట్టి. వాయిస్ ఓవర్ చదివిస్తే ల-ళ, న-ణ తేడాలూ, ఊపిరి అందని పొడుగాటి వాక్యాలూ వాళ్లకే దొరికిపోతాయి. మల్టీమీడియా వస్తే రాత పాడవుతుందని బాధపడే పెద్దలు మీలో ఉన్నారు. ఒకటిన్నర నిమిషం స్క్రిప్టు ఒకటి రాయించి చూడమని వాళ్లకు నా మనవి. బొమ్మలో కనిపిస్తున్నది మళ్లీ చెప్పకూడదు, కనిపించనిది వదలకూడదు. పత్రికలో అరపేజీ రాసేవాడికి ఆ కష్టం తెలియదు.

మనకు ప్రత్యేకంగా ఉన్న తలనొప్పి తెలుగు టైపింగ్. ఇప్పటికీ అను ఫాంట్లలో టైప్ చేయడం నేర్చుకుని వచ్చేవాళ్లున్నారు. డీటీపీ సెంటర్లో అది చాలు. వెబ్‌లో ఏ ఫోన్లోనైనా, ఏ కంప్యూటర్లోనైనా చదవగలిగే యూనికోడ్ కావాలి. కన్వర్టర్‌లో వేస్తే వత్తులు ఎగిరిపోతాయి, అంకెలు గుర్తులైపోతాయి, మళ్లీ కూర్చుని దిద్దాలి. అను ఫాంట్లలో దాచుకున్న పాత వార్తలను వెతికినా దొరకవు. ఇక వీడియో కింద తెలుగు సబ్‌టైటిల్స్ వేయమంటే పెద్ద తంటా. అడోబ్ ప్రీమియర్‌లో టెక్స్ట్ ఇంజిన్‌ను దక్షిణాసియా భాషలకు మార్చాలని తెలియక, వత్తు ఒకచోట, అక్షరం ఒకచోట పడి ‘రాష్ట్రం’ మూడు ముక్కలైన వీడియోలు రోజూ చూస్తున్నాం. సెట్టింగ్ మార్చడం నిమిషం పని. అది ఉందని చెప్పేవాళ్లు లేరు.

సరిచూడటం గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ పొరపాటు జరిగితే ప్రాణాల మీదికి వస్తుంది. 2020 మే 7న తెల్లవారుజామున విశాఖ ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరిన్ ఆవిరి లీకైనప్పుడు, రోడ్డు మీద పడిపోతున్న మనుషుల దృశ్యాలు ముందు బయటికి తెచ్చింది మామూలు జనం ఫోన్లే. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడూ అదే. అలాంటి రోజు డెస్క్ వాట్సాప్‌లోకి వీడియోలు వరదలా వస్తాయి. అందులో నిజమైనవీ ఉంటాయి, ఏ రాష్ట్రంలోనో ఎప్పుడో తీసినవీ ఉంటాయి. వేసేస్తే ఒక బాధ, ఆపేస్తే ఒక బాధ.

దీనికి ఒక ఫొటో ఇంతకుముందు ఎక్కడ వచ్చిందో వెతికే రివర్స్ ఇమేజ్ సెర్చ్, వీడియోను ఫ్రేములుగా విడదీసి చూపే ఇన్‌విడ్ లాంటి పరికరాలున్నాయి, నేర్పండి. అంతకంటే ముందు కళ్లు తెరిచి చూడటం నేర్పండి. షాపు బోర్డు ఏ భాషలో ఉంది? బండి నంబరు ఏమిటి? తెలంగాణలో కొత్త రిజిస్ట్రేషన్లు టీఎస్ నుంచి టీజీకి మారింది 2024 మార్చిలో. వరదలో టీజీ నంబరు బండి కొట్టుకుపోతుంటే ఆ వీడియో అంతకుముందుది అయ్యే అవకాశం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ 39 సిరీస్ 2019లో మొదలైంది, కాబట్టి ఆ నంబరున్న ఆటో 2016 వరదల్లో కనపడదు. ఇలాంటివి ఏ ఇంగ్లిష్ పాఠ్యపుస్తకంలోనూ రాయరు. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలకే ఈ పట్టు ఉంటుంది, దాన్ని పద్ధతిగా మార్చాల్సింది మీరు. హైదరాబాద్‌లోనే ఫ్యాక్ట్‌లీ లాంటి సంస్థలు తెలుగులో నిజనిర్ధారణ కథనాలు రాస్తున్నాయి. వాటిలో ఒకదాన్ని తరగతిలో ముందేసుకుని, ఏ మెట్టు తర్వాత ఏ మెట్టు ఎక్కారో విడదీసి చూపిస్తే ఒక గంట పాఠం అయిపోతుంది. ఇక డీప్‌ఫేక్‌ల సంగతి. 2023 నవంబరులో నటి రష్మిక మందన్న ముఖం అతికించిన వీడియో దేశమంతా తిరిగింది. అప్పటికంటే ఇప్పుడు అతుకులు ఇంకా సన్నబడ్డాయి. మన కళ్లు పట్టుకోలేని చోట ‘ఇది మొదట ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు’ అని వెనక్కి వెళ్లే ఓపిక ఒక్కటే పనికొస్తుంది.

మన సొంత వీడియో సంగతి కూడా అంతే. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫైలు నలిగిపోతుంది, ఎప్పుడు ఎక్కడ తీశారనే వివరాలు ఎగిరిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే అలా కాదు. మా కుర్రాళ్లు చాలామంది డెస్క్‌కు పంపగానే ఫోన్లో స్టోరేజీ లేదని ఒరిజినల్ తుడిచేస్తారు. ఆరు నెలల తర్వాత ఎవరో పరువునష్టం నోటీసు పంపిస్తారు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టు ముందు పెట్టాలంటే సర్టిఫికెట్ జతచేయాలి, అందులో ఆ ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే, వేలిముద్ర లాంటి సంకేతం) కూడా రాయాలి. మీ ప్రెస్ లా పేపర్లో పాత చట్టాల పేర్లు, సంవత్సరాలు కంఠతా పట్టిస్తున్నారు. ఒక ఫైలుకు హ్యాష్ తీయించడం, ఒరిజినల్‌ను రెండు చోట్ల దాచడం కూడా అదే పేపర్లో చేయిస్తే బాగుంటుంది.

పిల్లలపై లైంగిక నేరాల మీద వచ్చిన పోక్సో చట్టం 23వ సెక్షన్ అందరికీ వచ్చు. బాధిత పిల్లల పేరు, చిరునామా, ఫొటో, కుటుంబం, బడి, ఏదీ బయటపెట్టకూడదు. పరీక్షలో తప్పు లేకుండా రాస్తారు. ఎడిట్ టేబుల్ దగ్గర మాత్రం పాప ముఖం బ్లర్ చేసి, వెనక బడి బోర్డు అలాగే వదిలేస్తారు. తల్లి ముఖం కనపడుతుంది. ఇంటి నంబరు కనపడుతుంది. ఆ ఊళ్లో అందరికీ ఇక ఆ పాప ఎవరో తెలిసిపోయినట్టే. 2019 నవంబరులో హైదరాబాద్ శివార్లలో వెటర్నరీ డాక్టర్ మీద జరిగిన ఘోరంలో పేరు, ఫొటో ఊరూరా తిరిగిపోయాక, ఇకనుంచి ‘దిశ’ అని రాయండని పోలీసులు కోరాల్సి వచ్చింది. చట్టం తెలియక జరిగిన పని కాదది. టైమ్‌లైన్ మీద వేలు పెట్టినప్పుడు ఆ చట్టం గుర్తు రావాలంటే దాన్ని టైమ్‌లైన్ మీదే నేర్పాలి.

ఇప్పుడు అసలు అభ్యంతరం. రిపోర్టర్, ఫొటోగ్రాఫర్, వీడియో ఎడిటర్, ముగ్గురి పనీ ఒకడితో చేయించుకుని ఒక జీతం ఇవ్వడానికి యాజమాన్యాలు పన్నిన ఎత్తుగడే మల్టీమీడియా అని ఒక సెమినార్లో మీలో ఒక పెద్దాయన అన్నారు. ఆ మాటను నేను కొట్టేయను. లైన్ అకౌంట్ మీద, అంటే అచ్చయిన లైన్ల లెక్కన వచ్చే డబ్బు మీద బతికే మండల కంట్రిబ్యూటర్‌ను వార్తతోపాటు వీడియో కూడా పంపమంటారు, రూపాయి కలపరు. ఫొటోగ్రాఫర్ల ఉద్యోగాలు ఎలా తగ్గాయో నేను దగ్గరుండి చూశాను. కానీ పని తెలియనివాడే ఈ దోపిడీకి ముందు దొరుకుతాడు. మూడు నిమిషాల వీడియో ఎడిట్‌కు ఎంతసేపు పడుతుందో తెలియని కుర్రాడు ‘అరగంటలో ఇచ్చేయ్’ అంటే తలూపుతాడు. తెలిసినవాడు సాయంత్రం దాకా టైమ్ అడుగుతాడు, లేదా ఇంకో మనిషిని ఇవ్వమంటాడు. కాబట్టి జీతాలు, పనిగంటల పాఠం కూడా అదే తరగతిలో చెప్పండి.

జిల్లాల్లో ఇంకో సంగతి నడుస్తోంది. 1974లో ఈనాడు విశాఖలో మొదలైంది, 1989లో జిల్లా అనుబంధాలు పెట్టింది, ఆ తర్వాతే మండలానికో విలేకరి పుట్టాడు. 1995లో ఈటీవీ, 2004లో టీవీ9 వచ్చాక మైకు లోగోలు పెరిగాయి. 2016లో జియో డేటా చవక చేశాక ప్రతి మండలంలో యూట్యూబ్ చానళ్లు వెలిశాయి. వాటిలో పత్రికలు వదిలేసిన ఊరి వార్తలు ధైర్యంగా చెప్పేవాళ్లున్నారు. లోగో చూపించి వసూళ్లు చేసుకునేవాళ్లూ ఉన్నారు, ఎవరికి తెలియదు గనక. మీరు తయారుచేసే పిల్లలు ఆ రంగంలోకి దిగకపోతే అది ఖాళీగా ఉండదు, రెండో రకం వాళ్లతో నిండుతుంది.

ఇంకో మాట, నాకు అన్నింటికంటే ముఖ్యమైనది. హైదరాబాద్‌లో ఫీజు కట్టగలిగినవాళ్ల పిల్లలు ఈ విద్యలన్నీ ప్రైవేటు కోర్సుల్లో నేర్చుకుంటున్నారు. ఆసిఫాబాద్ నుంచో పాడేరు నుంచో వచ్చి, హాస్టల్లో ఉండి, స్కాలర్‌షిప్ మీద చదివే అమ్మాయికి మీ డిపార్ట్‌మెంట్ తప్ప దిక్కులేదు. ఆ అమ్మాయికి గోండి వచ్చు, లేదా కువి వచ్చు. మా డెస్క్‌లో ఆ భాషలు తెలిసిన మనిషి లేరు. పోడు భూమి గురించి ఒక అవ్వ గోండిలో చెప్పిన మాటను ఆ గొంతుతోనే వినిపించి, కింద తెలుగు వేయగలిగింది ఆ అమ్మాయి ఒక్కతే. పత్రికలో అయితే ఆ మాట మా తెలుగులోకి మారి, అందులోని ఘాటంతా పోయి వస్తుంది. ఉత్తరప్రదేశ్ బుందేల్‌ఖండ్‌లో ఖబర్ లహరియా అనే పత్రికను 2002లో పల్లెటూరి మహిళలు మొదలుపెట్టి, తర్వాత ఫోన్లు పట్టుకుని పూర్తిగా డిజిటల్‌కు మారారు. పి. సాయినాథ్ 2014లో గ్రామీణ భారతం కథనాల కోసం ప్రారంభించిన పరి వెబ్‌సైట్‌లో ఫొటో, వీడియో, పాట, రాత అన్నీ ఒకే కథలో కలిసి ఉంటాయి, తెలుగులో కూడా చదవొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. మీ లైబ్రరీ బడ్జెట్‌తో పనిలేని పాఠ్యపుస్తకం అది.

ఉస్మానియాలో జర్నలిజం శాఖ 1954లోనే మొదలైంది. ఇంత పాత చరిత్ర ఉన్న మనకు సిలబస్‌లో నాలుగు గీతలు మార్చుకోవడం పెద్ద పనేం కాదు. యూనివర్సిటీ నిబంధనలు, క్రెడిట్లు, ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్, ఈ చిక్కులన్నీ నాకు కొంత తెలుసు. ఒక్క పేపర్‌తో మొదలుపెట్టండి. రిపోర్టింగ్ పేపర్లో సగం మార్కులు విద్యార్థి ఫీల్డ్ నుంచి తెచ్చినదానికి ఇవ్వండి. ఒరిజినల్ ఫైళ్లతో సహా తీసుకోండి, ఎక్కడ ఎలా తీశారో వైవాలో అడగండి. దిద్దడానికి మనుషులు కావాలంటే డెస్కుల్లో పనిచేసేవాళ్లం వస్తాం, నాతో సహా.

వచ్చే బోర్డు సమావేశానికి మా వంటి వాళ్లను ఇద్దరు ముగ్గురిని పిలవండి. టీఏ, డీఏలు అక్కర్లేదు. మీరు మాత్రం మీ విద్యార్థి ఎవరైనా రైతుబజార్లోనో, బస్టాండ్‌లోనో రికార్డు చేసిన మూడు నిమిషాల ఆడియో ఒకటి తీసుకురండి. ముందు అది విందాం, సిలబస్ కాగితాలు ఆ తర్వాత తీద్దాం.

ఇట్లు,
ఒక డిజిటల్ డెస్క్ ఉద్యోగి,
హైదరాబాద్